చుక్క తప్పిన వలయం

ఒకే తిన్నని గీత మీద లేని మూడు చుక్కలుంటే చాలు, వాటి మీదుగా పోయే వృత్తం ఒకే ఒక్కటి ఉంటుంది. ఐటీఐలో మొదటి నెలలోనే మాకు నేర్పిన పాఠం ఇది. అందులో తప్పేమీ లేదు. ఆ తప్పులేని పాఠాన్ని పట్టుకునే నేను ఒక కొండని పోగొట్టాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, "సార్, మీ సర్వీసులో గుర్తుండిపోయిన తవ్వకం ఏది?" అని అడుగుతుంటారు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. బయటపడ్డ కుండలు, పూసలు, పేపర్లో పడ్డ ఫొటో. వాళ్లకి కావలసినవి అవే. నిజంగా గుర్తుండిపోయింది మాత్రం ఇదొక్కటే. దీన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పినందువల్ల ఇప్పుడు బాగుపడేదేమీ లేదు, మీకు పనికొస్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు. అయినా రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను పాత కట్టడాలు తవ్వి తీసే ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరాను. టెంపరరీ. మా ఊరు పద్మనాభం దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో వరి తప్ప ఇంకో విద్య తెలిసినవాళ్లు లేరు. మద్దిలపాలెంలో బస్ డిపో వెనక ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. విశాఖపట్నం అప్పుడు రోజుకొక రూపంగా మారిపోతోంది. ఒక పక్క హార్బరు, ఇంకో పక్క స్టీల్ ప్లాంటు. కూర్మన్నపాలెం వైపు ఊళ్లకి ఊళ్లే ఖాళీ అవుతున్నాయి. అందరికీ రాయి కావాలి, మట్టి కావాలి, చదునైన నేల కావాలి. ఊరి చుట్టూ ఉన్న కొండలన్నిటి మీదా ఎవరిదో ఒకరి దరఖాస్తు ఉండేది.

ఎనభైల మొదట్లో, భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కొండ మీద ఇళ్లు కట్టాలని ఒక సంస్థ పూనుకుంది. కొండ పేరు రాయను. పైన మట్టి తీస్తుంటే మూరెడు పొడుగు ఇటుకలు బయటపడ్డాయి. పని ఆపి మా ఆఫీసుకి కబురు పెట్టారు. మా ఆఫీసరు గారు వెళ్లి చూసి, అది బౌద్ధుల కాలం నాటి స్తూపం అడుగుభాగమని తేల్చారు. ఉత్తరాలు అటూ ఇటూ నడిచాక ఒక ఒప్పందం కుదిరింది. మాకు నలభై రోజులు గడువు. స్తూపం నడిబొడ్డున ఏదైనా భరిణె, అందులో ఏ భిక్షువుదో బూడిదో ఎముకముక్కో దొరికితే కొండ పైభాగం మొత్తం మా ఆఫీసు కాపాడుతుంది. దొరక్కపోతే కొలతలు, ఫొటోలు తీసుకుని మేము దిగిపోవాలి.

"నలభై రోజులు. సరిగ్గా ఒక మండలం," అన్నారు ఆఫీసరు గారు జీపులో నవ్వుతూ.

ఆయన గోదావరి జిల్లా మనిషి. యాభై దాటాయి. తలకి తువ్వాలు చుట్టుకుని కూలీలతో పాటు గోతిలో దిగి కూర్చునేవారు. మండలం అంటే గుండ్రం, మండలం అంటే దీక్ష, మండలం అంటే దేశం అని ఆయన చెప్తుంటే నేను వినేవాణ్ణి. తర్వాత కొన్నేళ్లకి మండలం అంటే ఎమ్మార్వో ఆఫీసు ముందు క్యూ అయిపోయింది. అది చూడ్డానికి ఆయన మా దగ్గర లేరు.

మాతో వచ్చిన మూడోవాడు ఫొటోగ్రాఫరు. నాకంటే పదేళ్లు పెద్ద, వరస ఏమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. కూలీలు కొండ కిందున్న చేపలవాళ్ల పల్లె ఆడవాళ్లు, పన్నెండు మంది. వాళ్లకి పెద్దగా ఒకామె ఉండేది. నలభై అయిదేళ్లుంటాయి. బక్కగా, నల్లగా, రాతికి తట్టుకున్న పలుగు చప్పుడులాంటి గొంతు. మిగతావాళ్లు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేవారు. మేమూ అలాగే పిలిచేవాళ్లం.

మొదటి రోజు తవ్వకం మొదలెట్టే ముందు ఆమె మా సున్నం బస్తాలోంచి గుప్పెడు తీసి గోతి అంచున ముగ్గు పెట్టింది. మేము నేల మీద గళ్లు గీసుకోవడానికి తెచ్చుకున్న సున్నం అది. బావ ఏదో అనబోతే ఆఫీసరు గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ముందు చుక్కలు. చుక్కల చుట్టూ గీత తిప్పుతూ, చెయ్యి ఎత్తకుండా, మొదలెట్టిన చోటికే వచ్చి ఆగింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ముగ్గు పెట్టడం, సాయంత్రానికి పన్నెండు జతల కాళ్ల కింద అది చెరిగిపోవడం.

మధ్యాహ్నం అన్నాల వేళ జీడిమామిడి నీడలో అందరం కూర్చునేవాళ్లం. ఆఫీసరు గారికి గుండ్రాల పిచ్చి. ఒకరోజు అదే ఎత్తుకున్నారు.

"లోకంలో ఎక్కడికెళ్లినా మనిషి గీసుకున్నది గుండ్రమే. ఎక్కడో చలిదేశంలో పెద్ద పెద్ద రాళ్లు గుండ్రంగా నిలబెట్టుకుని సూర్యుడి రాకపోకలు చూసుకున్నారు. చర్చీల్లో రంగు అద్దాల కిటికీ చూడండి, పువ్వులా గుండ్రంగా ఉంటుంది. హిమాలయాల అవతల సన్యాసులు రంగు ఇసకతో రోజుల తరబడి మండలం వేస్తారు. ఒక్కొక్క రవ్వ పేర్చి. పూర్తయ్యాక ఊడ్చేసి ఏట్లో కలిపేస్తారు."

"అంత కష్టపడి ఊడ్సీడవేటండి," అన్నాడు బావ. "ఒక ఫొటో అయినా తీసుకోవద్దా."

అప్ప దూరంగా కూర్చుని ఎండుచేప ఒలుచుకుంటోంది. తల ఎత్తకుండానే అంది. "మా ముగ్గూ అంతే కదండి. రేపటికి ఉంటాదేటి? ఉండిపోతే రేపు మరేటి ఎడతాం?"

ఆఫీసరు గారు అన్నం చెయ్యి కడుక్కుని వచ్చి ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆరోజు సూర్యుడికి గుడి కట్టింది. చుట్టూ పలచగా తెల్లటి వలయం. వాన వస్తుందని ఆడవాళ్లు అనుకున్నారు. ఒకామె విసురువల గాల్లో గుండ్రంగా విచ్చుకోవడం చెప్పింది. ఇంకొకామె ఒడ్డున పీతలు బొరియ చుట్టూ ఇసక ఉండలు పేర్చడం చెప్పింది. నేను మా కళ్లం సంగతి చెప్పాను. నడుమ గుంజ పాతి ఎద్దుల్ని కట్టి తిప్పుతాం, పొద్దు గూకేసరికి నేల మీద అరిగిన గుండ్రం తయారవుతుంది. చిన్నప్పుడు నేను ఆ ఎద్దుల వెనకే నడిచాను.

"వీటన్నిటికీ అర్థం ఏమిటండి?" అని అడిగాను.

ఆఫీసరు గారు వేలితో మట్టి మీద ఒక గుండ్రం గీశారు. "గీతలో అర్థం లేదయ్యా. నడిబొడ్డున ఉన్నదానికి గీత కాపలా. అంతే అనుకుంటాను."

అంతమంది అన్ని గుండ్రాలు చెప్పారు కదా. గుంజ ముందు పాతుతారని, చుక్క ముందు పెడతారని, బొరియ ముందుంటుందని, వాటిలో ఒక్కటీ నా బుర్రకి ఎక్కలేదు. నాకు ఐటీఐ వచ్చు.

పన్నెండో రోజుకి పడమటి వైపు ఇటుకల వంపు బయటపడింది. తూర్పు వైపు అంతా గోతులు, రాళ్లు, పొదలు. అటు ఎప్పుడో వర్షాలకి జారిపోయి ఉంటుందని అనుకున్నాం. నడిబొడ్డు ఎక్కడో తేల్చమని ఆఫీసరు గారు నాకు చెప్పారు. వంపు మీద స్పష్టంగా ఉన్న మూడు చోట్లు ఎంచుకున్నాను. కొలిచాను. కాగితం మీద లెక్క కట్టి, నేల మీద మేకు దిగ్గొట్టాను. గంటలో అయిపోయింది. ఆఫీసరు గారు నా భుజం తట్టారు.

అప్ప వచ్చి మేకుని చూసింది. వంపుని చూసింది. మళ్లీ మేకుని చూసింది.

"ఇదేటి బాబూ?"

"ఇదే నడిబొడ్డు. ఇక్కడ తవ్వాలి."

"ఎలగ తెలిసింది?"

గీత వంపుని బట్టి తెలుస్తుందని చెప్పాను.

"సుక్కెట్టి గీత తిప్పుతారు గానీ, గీత గీసీసి సుక్క ఎతుకుతారేటి?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. తర్వాత తూర్పు వైపు చెయ్యి చూపించింది. "సుక్క అటుంటాది. నా సిన్నప్పుడు ఇక్కడ మేకలు కాసినాను. ఎండలొచ్చేసరికి గడ్డి అక్కడ ముందు ఎండిపోద్ది. సుట్టుగా ఎండిపోద్ది, ఎవులో గీసినట్టు. దాని మద్దెన మాత్తరం పచ్చగుంటాది. ఇక్కడ కాదు, అదిగో, ఆ తుప్పల కాడ."

ఇప్పుడు ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. నేల కింద గోడ ఉంటే పైన గడ్డి ముందు వాడిపోతుంది. విమానంలోంచి చూసి గోడలు కనిపెట్టడం ఇలాగే. ఆమె విమానం ఎక్కకుండానే చూసింది. నేను నవ్వాను. "మేకలకి జామెట్రీ తెలీదప్పా," అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మేకు చుట్టూ తవ్వకం పదిహేను రోజులు నడిచింది. రాళ్లు, మట్టి, రాళ్లు. మధ్యలో ఒక సన్నటి ఇటుక గోడ తగిలింది. నా మేకు వైపు రాకుండా ఏటవాలుగా తూర్పుకి పోతోంది. ఎవరో తర్వాత కట్టిన గోడ అనుకుని ప్లాన్లో అలాగే రాసుకున్నాను. ఇరవై ఎనిమిదో రోజున కొండరాయి తగిలింది. దాని కింద ఇంకేమీ ఉండదు. ఆఫీసరు గారు గోతిలో దిగి, ఆ రాతి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నారు. పైకొచ్చాక ఒకే ఒక్క మాట అన్నారు.

"దొంగలు ఎప్పుడో పట్టుకుపోయారు."

ఆ సాయంత్రమే రిపోర్టు రాశారు. స్తూపం కేంద్రం ఖాళీ, కొలతలు తీసుకున్నాం, స్థలం అప్పగించవచ్చు. పన్నెండు రోజుల గడువు మిగిలి ఉండగానే. ఆయన అంతలా అలిసిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ తూర్పు తుప్పలు కొట్టించి ఒకసారి చూద్దామని నేను అనలేదు. నా మేకు తప్పు కావచ్చన్న ఆలోచనే అప్పటికి నాకు రాలేదు.

ఆలోచన వచ్చింది ఆఫీసులో, డ్రాయింగు బల్ల దగ్గర. ప్లాన్ని ట్రేసింగు కాగితం మీద ఎక్కిస్తున్నాను. వంపు మీద నేను ఎంచుకున్న మూడు చోట్లతో పాటు ఇంకో అయిదారు చోట్ల కొలతలు నోటుబుక్కులో ఉన్నాయి. అవి నా వృత్తం మీద కూర్చోవడం లేదు. ఒకటి రెండు అయితే ఇటుకలు జరిగాయనుకోవచ్చు. అన్నీ ఒకే వైపుకి తప్పుకున్నాయి. చాలాసేపు చూశాక అర్థమైంది, అక్కడ ఉన్నది ఒక వలయం కాదు. ముందు కట్టిన చిన్న వలయం ఒకటి, తరవాతెప్పుడో దాని బయట కట్టిన పెద్దది ఇంకొకటి. నా మూడు చుక్కల్లో ఒకటి ఒకదానిది, రెండు ఇంకొకదానివి. వాటితో గీసిన వృత్తం ఈ భూమ్మీద ఎవరూ ఎప్పుడూ కట్టనిది. నా ఒక్కడిది.

చిన్న వలయం కొలతల్ని విడిగా తీసుకుని మళ్లీ కేంద్రం తేల్చాను. ఆ ఏటవాలు గోడ గీతని పొడిగించాను. రెండూ ఒకే చోట కలిశాయి. ఆ గోడ తర్వాత కట్టింది కాదు, బండిచక్రంలో ఆకులా నడిబొడ్డు నుంచి వలయం దాకా కట్టింది. ఆ చోటు నా మేకుకి తూర్పున నాలుగు బారల దూరంలో ఉంది. అప్ప చెయ్యి చూపించిన తుప్పల దగ్గర.

ఫొటోలు కడుక్కుని వచ్చిన బావకి చూపించాను. అతను కాగితాన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చూశాడు.

"ఎవులికైనా సెప్పినావా?"

"లేదు."

"రిపోర్టు ఎల్లిపోనాది బావా. నీ పర్మినెంటు కాయితం కూడా దాంతోపాటే ఎల్లినాది. ఆయన రికమండు సేసినాడు, ఈ ప్లాను సూపించే. ఇప్పుడెళ్లి ఇది తప్పండీ అంటే నీ ఉజ్జోగం పోద్ది, ఆయన పరువూ పోద్ది. రెండేల ఏళ్లనాడు సచ్చిపోనోడి బూడిద కోసం." కాగితం తిరిగి ఇచ్చేశాడు. "నాను సూడలేదు అనుకో."

అతన్ని నేను తప్పుపట్టను. చెప్పొద్దని నన్నేమీ బలవంతపెట్టలేదు. నాకు కావలసిన మాట అతను అన్నాడు, అంతే.

మర్నాడు పొద్దున్నే అప్ప ఆఫీసుకి వచ్చింది. ఆమె ఊళ్లోకి రావడం నేను చూడలేదు ఎప్పుడూ. ఉతికిన చీర కట్టుకుంది. గుమ్మం బయటే నిలబడింది. కొండ మీదకి డ్రిల్లింగు మిషన్లు వచ్చాయని, ఎల్లుండి మందుపెట్టి పేలుస్తారని చెప్పింది.

"బాబూ, మీకు ఒకటి సెప్పలేదు," అంది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె భర్త సముద్రం మీద చేపలవేటకి వెళ్లి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. ఆ పల్లెలో అలా పోయినవాళ్లకి సమాధి ఉండదు, పూడ్చడానికి ఏమీ ఉండదు కాబట్టి. ఆమె మాత్రం అతని విసురువలని కుండలో పెట్టి, పైకి మోసుకెళ్లి, ఆ ఎండుగడ్డి వలయం మధ్యలో పచ్చగా ఉండే చోట పాతిపెట్టింది. అక్కడినుంచి సముద్రం మొత్తం కనిపిస్తుందని. ఆ సంగతి పల్లెలో ఎవరికీ తెలీదు.

"మీరు తవ్వీత్తారేమోనని బయమేసి సెప్పలేదు. సుక్క అటుందని మాత్తరం సెప్పినాను, అదీ సగం సగం. ఇప్పుడు ఆళ్లు మందెట్టీత్తారు." ఆమె నా చేతుల వైపు చూసింది. "మీరైతే కుంచెతో తీత్తారు బాబూ. నాను సూసినాను కదా, సిన్న పెంకు ముక్క తీసినా పువ్వు తీసినట్టు తీత్తారు. మీరే తవ్వండి. దాని కింద మీక్కావలసింది కూడా ఉంటాది."

నా బల్ల మీద ఆ రెండు గీతలు కలిసిన కాగితం అలాగే ఉంది. ఆమె కళ్ల ముందే ఉంది, ఆమెకి చదవడం రాదు.

"నేను ఆఫీసరు గారికి చెప్తాను. నువ్వెళ్లప్పా," అన్నాను.

"సెప్తారు కదా."

"చెప్తాను."

ఆఫీసరు గారి గదిలోకి వెళ్లాను కూడా. ఇది మీరు నమ్మాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "రావయ్యా. ఈ కొండ మీద సరిగ్గా వచ్చింది నీ డ్రాయింగొక్కటే. మిగతాదంతా నా దురదృష్టం," అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను "థాంక్స్ సార్" అన్నాను. దేనికొచ్చావని అడిగారు. ట్రేసింగు కాగితాలు అయిపోయాయి, ఇండెంటు పెట్టాలి అన్నాను. ఆయన సంతకం పెట్టారు. నేను బయటికి వచ్చేశాను.

ఇంకో రోజు గడువుంది కదా, రేపు చెప్పొచ్చు అనుకున్నాను. మర్నాడు ఆయన కలెక్టరాఫీసుకి వెళ్లారు. సాయంత్రం దాకా ఎదురుచూశానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాలుగింటికే బస్సెక్కి గదికి వెళ్లిపోయాను.

పేలుడు రోజున నేను కొండ కింద రోడ్డు మీద ఉన్నాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. ఎర్రజెండా పట్టుకున్న మనిషి బస్సుల్ని ఆపాడు. పల్లె జనమంతా సరుగుడు తోట దగ్గర నిలబడ్డారు. అప్ప వాళ్లలో ఉంది. నన్ను చూసింది. నేను కుంచెలతో వచ్చాననుకుంది కాబోలు, రెండడుగులు ముందుకి వేసింది. నా చేతులు ఖాళీగా ఉండడం చూసి ఆగిపోయింది.

చప్పుడు నేను ఊహించినంత పెద్దగా లేదు. కొండ తల ఒక్కసారి పైకి లేచి కూలబడింది. ఎర్రటి దుమ్ము మబ్బులా లేచి సముద్రం మీదికి మెల్లగా జరిగింది. అందులో ఎవరెవరు ఉన్నారో నాకూ అప్పకీ మాత్రమే తెలుసు. జనం పనులకి వెళ్లిపోయారు. బస్సులు వదిలారు.

మూడో రోజున ఆమె మళ్లీ ఆఫీసుకి వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. రాళ్లు ఏరే పనికి తమ ఆడవాళ్లనే పెట్టారని చెప్పింది. చెంగు విప్పింది. అందులో ఏడెనిమిది సీసపు గుండ్లు, వల అంచుకి కట్టేవి. వాటితో పాటు ఒక రాతి మూత. అరచేతిలో పట్టేంత, నున్నగా, మధ్యలో చిన్న బొడిపెతో. సగానికి విరిగింది. అలాంటి భరిణె మూతల్ని నేను పుస్తకాల్లో చూశాను. దాని కింది భాగం ఎక్కడుందని అడగలేదు. ఏమైందో మా ఇద్దరికీ తెలుసు.

గుండ్లు చెంగులో కట్టుకుంది. మూత నా బల్ల మీద పెట్టింది.

"ఇది మీది," అంది. చెంగు బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది.

మూతని ఆఫీసరు గారి ముందు పెట్టి, రాళ్లలో దొరికిందట అన్నాను. ఆయన దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూశారు. "ఎక్కడ?" అన్నారు. తెలీదన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. అప్పుడైనా చెప్పేస్తాననుకున్నాను. ఆయనే ముందు కళ్లు దించుకున్నారు.

"దొంగలు భరిణె పట్టుకెళ్తూ మూత పారేసి ఉంటారు," అన్నారు.

"అంతే అయ్యుంటుందండి," అన్నాను.

అదే రికార్డులోకి ఎక్కింది. ఆ ఏడే ఆయన బదిలీ అడిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన గుండ్రాల గురించి మాట్లాడగా విన్నవాళ్లు ఎవరూ నాకు కనబడలేదు. నా ఉద్యోగం పర్మినెంటు అయింది. బావ స్వీట్లు పంచాడు.

ఇక్కడితో ఆపేస్తే నేను పిరికివాడినని మాత్రమే మీరు అనుకుంటారు. అది నిజమే కానీ చాలదు.

ఆరేడు నెలల తర్వాత, ఒక ఆదివారం ఉదయం నేను ఆ పల్లెకి వెళ్లాను. ఒప్పుకోవాలని. ఆమె పాక ముందు కూర్చుని చేపలకి ఉప్పు పడుతోంది. నేను నిలబడే చెప్పాను. నా కాగితం మీద ఆ చోటు తెలిసిందని, ఆమె వచ్చిన రోజుకే తెలుసునని, ఆఫీసరు గారికి చెప్పలేదని. ఉద్యోగం కోసమని కూడా చెప్పాను.

ఆమె చెయ్యి ఆగలేదు. చేప తీసి, పొట్టలో ఉప్పు దట్టించి, పక్కన పెట్టి, ఇంకొకటి తీసింది. గంప సగం ఖాళీ అయ్యాక అడిగింది.

"మీకు లెక్క తెలుసు కదా. ఆ సోటు ఇప్పుడెక్కడున్నాదో సూపించగలరా?"

నేను తిట్లకి సిద్ధపడి వెళ్లాను. ఈ ప్రశ్నకి కాదు.

ఇద్దరం కొండెక్కాం. ఇదివరకటి కొండ కాదు అది. తల తీసేశారు. రెండు నిలువుల లోతు దాకా రాయి తవ్వుకుపోయి బల్లలా చదును చేశారు. ఎండకి కళ్లు జిగేలుమంటున్నాయి. నా కొలతలన్నీ ఇటుకల వంపు నుంచి, జీడిమామిడి మొదలు నుంచి, మేము పాతిన హద్దురాళ్ల నుంచి తీసినవి. వాటిలో ఒక్కటీ లేదు. టేపు తెచ్చాను, కానీ దాని కొస పెట్టడానికి చోటు లేదు. అంతేకాదు, నేల కిందికి దిగిపోయింది కాబట్టి ఆ చోటు అసలు నేల మీదే లేదు. ఉంటే మా తలల పైన, గాల్లో ఎక్కడో ఉంది. అది మాత్రం ఆమెకి చెప్పలేకపోయాను.

ఆమె నా మొహం వైపు చూస్తూ నిలబడింది. చీరకొంగులో సీసపు గుండ్లు ఉన్నాయి, మూటగా. ఎక్కడ పెట్టాలో చెప్తే అక్కడ పాతిపెట్టుకుందామని తెచ్చింది. అడక్కుండానే తెలిసింది నాకు.

నేను టేపు విప్పాను. నేల మీద ఒక రాయి దగ్గర కొస పెట్టి కొన్ని అడుగులు వేశాను. ఆగాను. కాస్త పక్కకి జరిగాను, సరిచూసుకుంటున్నట్టు. మళ్లీ ఆగాను.

"ఇక్కడప్పా," అన్నాను.

ఆమె వచ్చి అక్కడ మోకాళ్ల మీద కూర్చుంది. రాతినేల, తవ్వడానికి లేదు. గుండ్లు ఒక్కొక్కటే తీసి నేల మీద గుండ్రంగా పేర్చింది. మధ్యలో అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. లేచి, సముద్రం వైపు తిరిగి దండం పెట్టింది. తర్వాత నావైపు తిరిగి, నాకు కూడా చేతులెత్తి దండం పెట్టింది.